వంటింటి గుమ్మంలో ప్రేమ్‌చంద్

ఇంట్లో శుభకార్యం. పెరట్లో గాడిపొయ్యి మీద పెద్ద మూకుడు. పూరీలు పొంగి తేలుతున్నాయి. మసాలా కూర ఘుమఘుమ వీధి చివరిదాకా కొడుతోంది. కాబోయే వియ్యాలవారు, బంధువులు, ఊళ్లోవాళ్లు బంతులు బంతులుగా కూర్చుని తింటున్నారు. ఆ ఇంట్లోనే ఒక చీకటి గదిలో, చూపు ఆనని, కాళ్లు ఆడని ఓ ముసలావిడ కూర్చుని ఉంది. ఆ వాసన పీలుస్తూ, ఇప్పుడు పిలుస్తారు, ఇంకాసేపట్లో పిలుస్తారు అని గుమ్మం వైపు చూస్తోంది. ఎవరూ పిలవలేదు.

ఎవరింటి సంగతి చెబుతున్నానా అనుకుంటున్నారా? మీ వీధిలోదో, మీ చుట్టాలింటిదో గుర్తొచ్చిందా? కాదండీ, ఇది సుమారు వందేళ్ల కిందట ఉత్తరప్రదేశ్ పల్లెల్ని చూసి ప్రేమ్‌చంద్ రాసిన కథ. పేరు ‘బూఢీ కాకీ’. అంటే ముసలి పిన్ని.

ప్రేమ్‌చంద్ పేరు మనలో చాలామందికి కొత్తేం కాదు. పదో తరగతి హిందీ వాచకంలో ‘ఈద్‌గాహ్’ పాఠం చదివినవాళ్లున్నారు. సెలవుల్లో హిందీ పంతులుగారింటికి వెళ్లి ప్రాథమిక, మధ్యమ, రాష్ట్రభాష అంటూ వరసగా పరీక్షలు కట్టినవాళ్లున్నారు. అయితే ఆ కథల్ని మనం సందర్భసహిత వ్యాఖ్యల కోసం, మార్కుల కోసం చదివాం. పరీక్ష అయిపోగానే పుస్తకం అటక ఎక్కింది. ఓ ఇల్లు నడిపాక, పెట్టుపోతలు చూశాక, అత్తగారి మాటా మరిది మాటా పడ్డాక, చేతిలో ఉన్న నాలుగు డబ్బుల్ని నెలాఖరుదాకా లాగాక మళ్లీ అవే కథలు తీసి చదివి చూడండి. అప్పుడు తెలుస్తుంది, ఈయన మన వంటింటి గుమ్మంలో పీట వేసుకుని కూర్చుని రాశాడేమో అని!

తప్పు చేసిందీ ఇల్లాలే, దిద్దుకున్నదీ ఇల్లాలే

ముందు ఆ ముసలి పిన్ని కథే పూర్తిగా చెప్పుకుందాం. ఆవిడకి భర్త పోయాడు. కొడుకులూ పోయారు. మిగిలింది అన్న కొడుకు వరసయ్యే బుద్ధిరాం ఒక్కడే. బాగా చూసుకుంటానని తియ్యటి మాటలు చెప్పి ఆస్తి రాయించుకున్నాడు. రాసిచ్చేశాక ఆవిడకి కడుపునిండా తిండి కూడా కరువైంది. ఆ ఇంట్లో ఆవిడమీద ప్రేమ ఉన్నది ఒక్క ప్రాణికే. బుద్ధిరాం చిన్నకూతురు లాడ్లీ. అన్నలు తన చిరుతిండి లాక్కుంటారన్న భయంతో ఆ పిల్ల పిన్ని దగ్గరికి పరుగెత్తుకొచ్చేది. తన వాటాలో కొంచెం ఆవిడకి పెట్టి, కూర్చుని తినేది. ఒకరికి రక్షణ, ఇంకొకరికి నాలుగు పలుకులు. ఎంత సహజమైన ఒప్పందమో చూడండి.

ఇంట్లో పెద్దబ్బాయి పెళ్లి తాంబూలాలు. పిన్ని ఆగలేక పాక్కుంటూ మూకుడు దగ్గరికి వచ్చేసింది. బుద్ధిరాం భార్య రూప నానా మాటలు అని తరిమేసింది. ఇంకోసారి అతిథులు తింటున్న బంతి మధ్యకి పాక్కుంటూ వెళితే, బుద్ధిరాం ఈడ్చుకెళ్లి చీకటి గదిలో పడేశాడు. రాత్రి అందరూ పడుకున్నాక లాడ్లీ తన బొమ్మల పెట్టెలో దాచుకున్న పూరీలు తెచ్చి పెట్టింది. ఆ నాలుగు ముక్కలతో ఆకలి తీరలేదు సరికదా, ఇంకా రేగింది. అతిథులు తిన్న చోటికి తీసుకెళ్లమ్మా అని పిల్లని అడిగి, అక్కడ ఎంగిలి విస్తళ్లలో మిగిలినవి ఏరుకుని తినసాగింది.

అప్పుడే రూపకి మెలకువ వచ్చింది. ఆ దృశ్యం చూసింది. ఎవరి ఆస్తి మీద వచ్చే రాబడితో ఇంత వేడుక చేశామో ఆ మనిషి ఎంగిలి ఏరుకుంటోందని ఆమె గుండె దడదడలాడింది. దేవుడికి భయపడింది. దీపం పట్టుకుని వెళ్లి, అన్ని వంటకాలూ పళ్లెంలో వడ్డించి తెచ్చి, క్షమించమని అడిగింది. పిన్ని అన్నీ మరిచిపోయి చిన్నపిల్లలా తినసాగింది. రూప పక్కనే కూర్చుని చూస్తూ ఉండిపోయింది. కథ అంతే.

ఇందులో నాకు నచ్చేది ఏమిటంటే, రూపని ఆయన రాక్షసిగా చూపించలేదు. ఆ రోజు ఆమె పరిస్థితి ఎలా ఉందో కూడా చెబుతాడు. ఒకరు ఇది కావాలంటారు, ఇంకొకరు అది కావాలంటారు. ఆ గదిలోంచి ఈ గదిలోకి, అక్కడినుంచి కొట్టు దగ్గరికి పరుగులు. ఎండ, పొయ్యి సెగ, గుక్కెడు మంచినీళ్లు తాగడానికి కూడా తీరిక లేదు. అలాంటి సమయంలో ముసలావిడ మూకుడు పక్కన కనపడేసరికి ఆమె కోపం కట్టలు తెంచుకుంది. ఇంటినిండా చుట్టాలున్న రోజున మన నోరు ఎలా జారుతుందో మనకి తెలియదూ? ఆయన ఆ తప్పుని తప్పుగానే చూపించాడు. తప్పు చేసిన మనిషిని మాత్రం మనిషిగానే ఉంచాడు. అందుకే రూపని చూసి మనం ‘ఛీ’ అనలేం. ‘నేనూ ఎప్పుడైనా ఇలా చేశానా?’ అని లోపల ఎక్కడో చురుక్కుమంటుంది.

పావుశేరు నెయ్యి తెచ్చిన తంటా

ఇంకో కథ చూడండి. 1910లో వచ్చిన ‘బడే ఘర్ కీ బేటీ’. పెద్దింటి ఆడపిల్ల అని అర్థం. ఆనంది బాగా కలిగిన ఇంట్లో పుట్టి, ఓ మోస్తరు ఇంటికి కోడలుగా వచ్చింది. భర్త శ్రీకంఠ్ బి.ఏ. చదివి పట్నంలో ఉద్యోగం చేస్తున్నాడు. వారానికోసారి ఇంటికి వస్తాడు. ఉమ్మడి కుటుంబమంటే ఆయనకి మహా గౌరవం. ఇంట్లో మామగారు, మరిది లాల్‌బిహారీ.

ఓ మధ్యాహ్నం మరిది రెండు పిట్టల్ని తెచ్చి వండమన్నాడు. కుండలో చూస్తే నెయ్యి పావుశేరు కూడా లేదు. ఆనంది పుట్టింట్లో నెయ్యి కొలిచి వాడే అలవాటు లేదు. ఉన్నదంతా మాంసంలో వేసేసింది. మరిది భోజనానికి కూర్చుని, పప్పులో నెయ్యి లేదేమని అడిగాడు. అయిపోయింది అంది. మీ పుట్టింట్లో నేతి నదులు పారుతున్నాయా అని వెటకారం చేశాడు. పుట్టింటి మాట ఎత్తితే ఏ ఆడదానికైనా ఒళ్లు మండదూ? ఆమె దీటుగా జవాబిచ్చింది. అతను కాలి పాంకోడు తీసి విసిరాడు. తలకి తగలాల్సింది చెయ్యి అడ్డం పెట్టడంతో వేలికి తగిలింది.

భర్త శనివారం వచ్చాడు. సంగతి విన్నాడు. అంతదాకా ఉమ్మడి కుటుంబం గొప్పతనం గురించి ఊళ్లో అందరికీ చెప్పిన మనిషి, ఇక తమ్ముడి మొహం చూడను, వేరుపడతానన్నాడు. తమ్ముడు సిగ్గుతో కుమిలిపోయి ఏడుస్తూ ఇల్లు విడిచి వెళ్లబోయాడు. అప్పుడు ఆనందే అతని చెయ్యి పట్టుకుని ఆపింది. పెద్దింటి పిల్లలు ఇలాగే ఉంటారని మామగారు మురిసిపోయాడు.

ఇంటి గొడవ ఎక్కడ మొదలవుతుందో ఆయనకి ఎంత బాగా తెలుసో గమనించారా? ఆస్తుల దగ్గర కాదు. కుండ అడుగున మిగిలిన నెయ్యి దగ్గర. దాని వెనకాల కోడలి పుట్టింటి కలిమి ఉంది, మరిది మగతనపు అహం ఉంది, నెయ్యి ఎంతుందో చూడకుండా వడ్డన దగ్గర అధికారం చేసే ఇంటి పద్ధతి ఉంది.

అయితే ఒక మాట. ఈ కథ చదివి ఇవాళ మీకు కోపం వస్తే తప్పు లేదు. దెబ్బ తిన్నదీ ఆమే, సర్దుకున్నదీ ఆమేనా, దానికి ‘పెద్దింటి పిల్ల’ అన్న బిరుదు ఒకటా అని అడగవచ్చు. అడగాలి కూడా. ప్రేమ్‌చంద్ అన్న పేరుతో ఆయన రాయడం మొదలుపెట్టిన తొలి రోజుల కథ ఇది. చివర్లో అందరి మనసూ మారి, ఇల్లు నిలబడాలని ఆయన ఆశపడేవాడు. తర్వాత తర్వాత ఆ ఆశ సన్నగిల్లింది. ఆ మార్పు ముందు ముందు చూద్దాం.

మూడు పైసల పద్దు

‘ఈద్‌గాహ్’ కథ అందరికీ తెలిసిందే అనుకుంటాం. అమ్మానాన్నా లేని హమీద్, నాయనమ్మ అమీనా. రంజాన్ పండగ రోజు ఊరి పిల్లలతో ఈద్‌గాకి వెళ్లిన హమీద్ మూడు పైసలతో బొమ్మలూ మిఠాయిలూ కొనుక్కోకుండా, రొట్టెలు కాల్చేటప్పుడు నాయనమ్మ వేళ్లు కాలుతున్నాయని పటకారు కొని తెస్తాడు. చిన్నప్పుడు మనం హమీద్‌ని చూసి చదివాం. ఇప్పుడు అమీనాని చూసి చదవండి.

ఆవిడ బట్టలు కుట్టి ఎనిమిది అణాలు సంపాదించింది. పండగ కోసం దాన్ని ప్రాణంలా దాచుకుంది. కానీ నిన్న పాలమ్మి వచ్చి నెత్తిమీద కూర్చుంది. పిల్లవాడికి ఇంకేం లేకపోయినా పాలయినా ఉండాలి కదా, ఇచ్చేయక తప్పలేదు. చివరికి మిగిలింది రెండణాలు. అంటే ఎనిమిది పైసలు. అందులో మూడు పైసలు హమీద్ జేబులో, అయిదు అమీనా సంచిలో. ఆ అయిదు పైసలతో పండగ గడవాలి. సేమ్యా వండాలి. పండగ మామూలుకి వచ్చే పనివాళ్లందరికీ ఎంతో కొంత పెట్టాలి. వాళ్లకి మొహం చాటేస్తే ఎలా అని ఆవిడ బాధ. తనకి లేకపోయినా ఇంటికి వచ్చినవాళ్లని వట్టి చేతులతో పంపకూడదనే మర్యాద.

నెలాఖరున డబ్బాల అడుగున చిల్లర వెతికిన ఏ ఇల్లాలికైనా ఈ లెక్క అర్థమవుతుంది. ఈ పద్దు ముందు చెప్పాడు కాబట్టే, తర్వాత హమీద్ ఖర్చు పెట్టిన మూడు పైసలకి అంత బరువొచ్చింది. దుకాణంవాడు పటకారుకి మొదట ఆరు పైసలన్నాడు, తర్వాత అయిదుకి దిగాడు. హమీద్ మూడు పైసలకి బేరమాడి, వాడు తిడతాడేమోనని ముందుకి నడిచాడు. దుకాణంవాడు తిట్టలేదు, పిలిచి ఇచ్చేశాడు. ఇంటికి రాగానే మధ్యాహ్నం దాకా ఏమీ తినకుండా ఈ ఇనుప ముక్క తెచ్చావా అని అమీనా నెత్తి కొట్టుకుంది. ఎందుకు తెచ్చాడో తెలిశాక ఏడ్చింది. అక్కడ ముసలావిడ పిల్ల అయిపోయింది, పిల్లవాడు పెద్దవాడైపోయాడు.

ఇంకో విశేషం చెప్పనా? 1933లో ఈ కథ అచ్చయింది అలహాబాదు నుంచి వచ్చే ‘చాంద్’ అనే మాసపత్రికలో. అది ఆడవాళ్ల సమస్యలకి పెద్ద పీట వేసిన పత్రిక. కట్నం ఇవ్వలేక వయసు మళ్లినవాడికి కట్టబెట్టిన ఓ అమ్మాయి గురించి రాసిన ‘నిర్మల’ నవల కూడా 1925-26లో ఆ పత్రికలోనే సీరియల్‌గా వచ్చింది. మన పత్రికల్లో సీరియల్ కోసం వారం వారం మనం ఎదురుచూసినట్టే, ఆనాటి హిందీ ఇళ్లలో ఆడవాళ్లు నిర్మల కోసం నెల నెలా ఎదురుచూసి ఉంటారు.

ఆయన ఇల్లు ఎలా ఉండేది?

ఇన్ని ఇళ్ల సంగతులు రాసిన మనిషి బతుకు ఎలా గడిచిందో తెలుసుకోవాలని ఉండదూ? అసలు పేరు ధనపత్‌రాయ్. 1880 జూలై 31న కాశీ దగ్గర లమహీ అనే పల్లెలో పుట్టాడు. తండ్రి పోస్టాఫీసులో గుమాస్తా. ఏడెనిమిదేళ్లప్పుడే తల్లి పోయింది. సవతి తల్లి వచ్చింది. ఆయన కథల్లో తల్లి లేని పిల్లలు అంతమంది ఎందుకుంటారో ఇప్పుడు తెలిసింది కదా! పదిహేనేళ్లకి పెళ్లి చేశారు. ఆ తర్వాత కొద్దికాలానికే తండ్రి కూడా పోవడంతో సంసారం నెత్తిమీద పడింది.

ట్యూషన్లు చెప్పుకుంటూ చదువుకున్న రోజుల్లో, డబ్బుల్లేక రెండు రూపాయలు పెట్టి కొన్న లెక్కల పుస్తకాన్ని రూపాయికి అమ్మడానికి పుస్తకాల దుకాణానికి వెళ్లాడు. అక్కడ తారసపడిన ఓ హెడ్మాస్టరు నెలకి 18 రూపాయల జీతంతో బడిపంతులు ఉద్యోగం ఇచ్చాడు. అలా మొదలైంది ఉద్యోగం. ఉర్దూలో నవాబ్‌రాయ్ అనే పేరుతో రాసేవాడు. 1908లో వచ్చిన ‘సోజ్-ఎ-వతన్’ కథల పుస్తకంలో రాజద్రోహం ఉందని తెల్లదొరల ప్రభుత్వం దాన్ని స్వాధీనం చేసుకుని తగలబెట్టించింది. అప్పుడు కాన్పూరు ‘జమానా’ పత్రిక సంపాదకుడు దయానారాయణ్ నిగమ్ సలహా మీద ప్రేమ్‌చంద్ అయ్యాడు.

ఆయన మొదటి పెళ్లి నిలవలేదు. భార్య పుట్టింటికి వెళ్లిపోయింది, ఈయన మళ్లీ తీసుకురాలేదు. ఆడవాళ్ల కష్టం అంత బాగా రాసిన మనిషి సొంత ఇంట్లో ఒక ఆడమనిషికి న్యాయం చెయ్యలేదన్న మాట దాచాల్సిన పని లేదు. 1906లో బాలవితంతువు శివరాణీదేవిని పెళ్లి చేసుకున్నాడు. ఆ రోజుల్లో అది మామూలు ధైర్యం కాదు.

శివరాణీదేవి కూడా కథలు రాసింది. విదేశీ బట్టల దుకాణాల ముందు పికెటింగు చేసి 1930లో జైలుకి వెళ్లింది. 1921 ఫిబ్రవరిలో గోరఖ్‌పూర్‌లో గాంధీగారి ఉపన్యాసం విని ప్రేమ్‌చంద్ ప్రభుత్వోద్యోగం వదిలేశాడని పుస్తకాల్లో రాస్తారు. అయితే పిల్లలున్న ఇంట్లో నెల జీతం పోతే పొయ్యి ఎలా వెలుగుతుందో ఆలోచించి సరే అనాల్సిన మనిషి ఇంకొకరున్నారు కదా. ఆవిడ సరే అంది. భర్త పోయాక 1944లో ఆయన్ని గురించి ‘ప్రేమ్‌చంద్ ఘర్ మే’ అనే పుస్తకం రాసింది. ఇంట్లో ప్రేమ్‌చంద్ అన్నమాట. గొప్పవాళ్ల గురించి లోకం చెప్పేది ఒకటి, ఇల్లాలు చెప్పేది ఒకటి. రెండోది చదివితేనే మనిషి పూర్తిగా కనిపిస్తాడు.

తర్వాత జీవితమంతా ప్రెస్సూ, పత్రికలూ, అప్పులూ. 1930లో ‘హంస్’ పత్రిక పెట్టాడు. నష్టాలు పూడ్చుకోవడానికి 1934లో బొంబాయి వెళ్లి సినిమా కంపెనీలో కథలు రాశాడు. అక్కడి పద్ధతులు పడక మర్నాడు సంవత్సరమే తిరిగొచ్చేశాడు. ఆ మధ్యలోనే, 1934 డిసెంబరులో, మద్రాసులో దక్షిణ భారత హిందీ ప్రచార సభ స్నాతకోత్సవానికి వచ్చి మాట్లాడాడు. మనవాళ్లు హిందీ పరీక్షలు రాసింది ఆ సభవే. 1936లో గొప్ప నవల ‘గోదాన్’ అచ్చయింది. ఆ ఏడాది అక్టోబరు 8న కన్నుమూశాడు. 56 ఏళ్లు. మూడు వందల దాకా కథలు, డజనుకి పైగా నవలలు. ఆయన భార్యతో తీయించుకున్న ఒక ఫోటోలో బూటు చిరిగి వేలు బయటికి కనిపిస్తుంది. హరిశంకర్ పర్సాయీ అనే హాస్య రచయిత ఆ చిరిగిన బూటు మీదే ఓ వ్యాసం రాశాడు.

నలుగురు కొడుకుల తల్లి

ఇప్పుడు కొంచెం గుండె దిటవు చేసుకోండి. 1932 నాటి ‘బేటోంవాలీ విధవా’ కథ. కొడుకులున్న వితంతువు. ఫూల్‌మతికి నలుగురు కొడుకులు, ఒక కూతురు కుముద్. భర్త ఉన్నన్నాళ్లూ ఆ ఇంట్లో ఆమె మాటే వేదం. భర్త పోయాడు. కర్మల భోజనాల దగ్గరే తేడా తెలిసిపోయింది. ఎంత సామాను తేవాలో ఆమె చెప్పింది ఒకటి, కొడుకులు తెచ్చింది ఇంకొకటి. నాసిరకం సరుకు, చాలీచాలని వంట. బంతిలో కూర్చున్నవాళ్లకి వడ్డించిన పులుసులో చచ్చిన ఎలుక వచ్చింది. పరువు పోయింది. ఆమె కుమిలిపోయింది.

ఆ తర్వాత నగలు. అబద్ధపు కబుర్లతో ఆమె మనసు కరిగించి, ఆమె చేతులతోనే ఇప్పించుకున్నారు. ఆ తర్వాత కూతురి పెళ్లి. తండ్రి ఖాయం చేసి వెళ్లిన సంబంధం ఖర్చెక్కువని మానేసి, నలభై ఏళ్లవాడికి కుముద్‌ని కట్టబెట్టారు. ఇది నా ఇల్లు, నా సొమ్ము అని ఆమె అడిగితే, తండ్రి పోయాక ఆస్తి కొడుకులదనీ, తల్లికి కూడూ గుడ్డా మాత్రమేననీ కొడుకు చట్టం చెప్పాడు. ఆ మాటతో ఆమెలో ఏదో చచ్చిపోయింది. అప్పటినుంచి ఆమె ఆ ఇంట్లో పనిమనిషి. అంట్లు తోముతుంది, వండుతుంది, నీళ్లు మోస్తుంది. చివరికి వానాకాలంలో గంగకి నీళ్లకోసం వెళ్లి కాలు జారి పోయింది.

ఈ కథ మీద కన్నీళ్లు పెట్టుకుని ఊరుకుంటే చాలదండీ. అందులో కొడుకు చెప్పిన చట్టం ఆనాడు నిజమే. ఈనాడు కాదు. ప్రేమ్‌చంద్ పోయిన మరుసటి ఏడాది, 1937లో, భర్త ఆస్తిలో హిందూ వితంతువుకి పరిమితంగా హక్కు వచ్చింది. 1956 హిందూ వారసత్వ చట్టంతో భర్త వీలునామా రాయకుండా పోతే, అతని వాటాలో భార్యకి కొడుకులతో, కూతుళ్లతో సమానంగా పూర్తి హక్కు వచ్చింది. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకి కొడుకుతో సమానమైన హక్కుని 1980లలోనే మన ఆంధ్రప్రదేశ్ చట్టం చేసింది. దేశమంతటికీ అది 2005లో వచ్చింది.

ఇక ముసలి పిన్ని సంగతి. 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం వచ్చింది. పిల్లల్లేని వృద్ధులు కూడా, తమ ఆస్తి అనుభవిస్తున్న వారసుల నుంచి పోషణ కోరవచ్చు. ఆర్డీవో స్థాయి అధికారి ఉండే ట్రిబ్యునల్‌కి దరఖాస్తు పెట్టుకోవచ్చు. చూసుకుంటామన్న షరతు మీద ఆస్తి రాయించుకుని చూడకపోతే, ఆ దస్తావేజు చెల్లదని ప్రకటించమనీ కోరవచ్చు. కాకపోతే ఆ షరతు పత్రంలో స్పష్టంగా రాయించుకోవడం మంచిది. మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఏ పెద్దావిడైనా సంతకం పెట్టబోతుంటే ఈ ముక్క చెవిన వెయ్యండి. ప్రేమ్‌చంద్ కథ చదివినందుకు అంతకంటే ప్రయోజనం ఏం కావాలి?

బావి గట్టు మీద ఇద్దరు

ఇంతదాకా తిండికి ఉన్న ఇళ్లు చూశాం. ఆయన అక్కడితో ఆగలేదు. ‘ఠాకూర్ కా కువాఁ’ అనే చిన్న కథ ఉంది. నాలుగైదు పేజీలే. గంగీ భర్త జోఖూ జబ్బుతో దాహానికి అల్లాడుతున్నాడు. తెచ్చుకున్న నీళ్లు కంపు కొడుతున్నాయి. బావిలో ఏదో జంతువు పడి చచ్చినట్టుంది. మరిగిస్తే కొంత బాగవుతాయని ఆమెకి తెలియదు. ఠాకూరుగారి బావిలో మంచినీళ్లున్నాయి. కానీ వీళ్లు అంటరానివాళ్లు, ఆ బావి గట్టు ఎక్కకూడదు. రాత్రి చీకట్లో దొంగతనంగా వెళ్లి చెట్టు నీడలో నక్కింది.

అప్పుడు ఆ బావికి ఇద్దరాడవాళ్లు నీళ్లకి వచ్చారు. వాళ్లకి బావి మీద హక్కుంది. కానీ వాళ్లేం మాట్లాడుకుంటున్నారో తెలుసా? మనం కాసేపు కూర్చుంటే మగవాళ్లకి ఓర్వలేనితనం అనీ, అన్నానికి కూర్చోగానే తాజా నీళ్లు తెమ్మని హుకుం జారీ చేస్తారనీ! ఒకావిడకి బావి గట్టు ఎక్కడమే నేరం. ఇంకో ఇద్దరికి అదే బావి చాకిరీ. రెండు కష్టాల్నీ ఒకే చీకట్లో పక్కపక్కన నిలబెట్టాడు. కానీ రెండూ సమానమని అనలేదు. వాళ్లు కడవలు నింపుకుని ఇంటికి వెళ్లారు. గంగీ చేద లాగుతుండగా ఠాకూరు తలుపు తెరుచుకుంది. తాడు జారిపోయింది. పరుగెత్తుకుంటూ ఇంటికి వచ్చి చూస్తే, జోఖూ ఆ కంపు నీళ్లే తాగుతున్నాడు.

చూశారా? ఇక్కడ ఎవరి మనసూ మారలేదు. రూపలా పళ్లెం పట్టుకుని వచ్చినవాళ్లు లేరు. ఆయన ఆఖరి రోజుల్లో రాసిన ‘కఫన్’ ఇంకా కఠినం. పురిటి నొప్పులతో కోడలు లోపల చచ్చిపోతుంటే, మామా మొగుడూ బయట కాల్చిన ఆలుగడ్డలు తింటూ కూర్చుంటారు. లోపలికి వెళితే రెండోవాడు తన వాటా తినేస్తాడని ఇద్దరికీ భయం. పొద్దున ఆమె శవానికి బట్ట కొనాలని ఊళ్లో వసూలు చేసిన డబ్బుతో తాగి తినేస్తారు. ఎంత చాకిరీ చేసినా ఆకలి తీరని లోకంలో మనుషులు ఎలా తయారవుతారో అది. ఈ కథనే మృణాల్‌సేన్ తెలుగు పల్లెకి మార్చి 1977లో ‘ఒక ఊరి కథ’ సినిమా తీశాడు. అదే ఏడాది సత్యజిత్ రాయ్ ఇంకో ప్రేమ్‌చంద్ కథని ‘శత్రంజ్ కే ఖిలాడీ’గా తీశాడు. బెంగాలీ దర్శకుడు హిందీ కథని తెలుగులో తీస్తే మనకి అది మన ఊరి కథగానే అనిపించడంలోనే ఉంది ప్రేమ్‌చంద్ గొప్పతనం.

మీరు ఎక్కడ మొదలుపెడతారు?

హిందీ చదవడం వచ్చినవాళ్లయితే ఆయన భాష మిమ్మల్ని భయపెట్టదు. చిన్న చిన్న వాక్యాలు, పల్లె సామెతలు. ఆయన కథలు ‘మాన్‌సరోవర్’ పేరుతో ఎనిమిది భాగాలుగా దొరుకుతాయి. హిందీ రాకపోతే తెలుగు అనువాదాలున్నాయి, ఊరి గ్రంథాలయంలో అడగండి. పిల్లలకి చదివి వినిపించాలంటే ‘ఈద్‌గాహ్’, రెండెద్దుల స్నేహం చెప్పే ‘దో బైలోం కీ కథా’, పరీక్షలు తప్పే అన్నయ్య తమ్ముడికి పాఠాలు చెప్పే ‘బడే భాయీ సాహబ్’ తీసుకోండి. భార్యాభర్తలు కలిసి చదవాలంటే ‘పూస్ కీ రాత్’. దుప్పటి కోసం కూడబెట్టిన మూడు రూపాయలూ అప్పులవాడి చేతిలో పెట్టి, చలిలో కుక్కని పట్టుకుని పడుకునే రైతు హల్కూ కథ అది. ‘కఫన్’ మాత్రం చివర్లో చదవండి. అప్పటికి ఆయన మీద మీకు నమ్మకం కుదిరి ఉంటుంది.

మధ్యాహ్నం పని అయ్యాక ఓ అరగంట చాలు, ఒక కథ అయిపోతుంది. చదివాక మాత్రం ఆ సాయంత్రం మీరు వంటింట్లో కొంచెం వేరుగా ఉంటారు. నెయ్యి డబ్బా మూత తీసినప్పుడు ఆనంది గుర్తొస్తుంది. పటకారు పట్టుకున్నప్పుడు హమీద్ గుర్తొస్తాడు. మూకుట్లో పూరీ పొంగినప్పుడు, ఇంట్లో మూలగదిలో ఉన్న పెద్దావిడ అప్పుడే తిందో లేదో చూసి రమ్మని పిల్లని పంపుతారు. పళ్లెం పట్టుకుని వెళ్లేది ఆ పిల్లయితే ఇంకా మంచిది. ఆ కథలో లాడ్లీకి ఎవరూ నేర్పకుండానే తెలిసిన సంగతి అదే కదా!